తిరువయ్యారు ప్రయాణం: ఆరాధన రోజుల్లో వెళ్ళాలా, మామూలు రోజుల్లోనా?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మా అమ్మ చిన్నప్పటి నుంచి త్యాగరాజ కృతులు పాడుతుంది. కచేరీలు చేసే మనిషి కాదు. పొద్దున్న పూజ దగ్గర, సాయంత్రం దీపం పెట్టాక తన కోసం తను పాడుకుంటుంది. ప్రతి ఏటా పుష్య బహుళ పంచమి, అంటే త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి నాడు టీవీ ముందు పీట వేసుకుని కూర్చుని, తంజావూరు దగ్గర తిరువయ్యారులో ఆయన సమాధి ముందు జరిగే ఆరాధనలో విద్వాంసులు పాడుతుంటే, పంచరత్నాలనే ఆయన అయిదు పెద్ద కృతులూ వాళ్ళతో పాటే పాడుతుంది. ఆ గంటసేపు ఇంట్లో మేమెవ్వరం నోరెత్తం. ఇప్పుడు డెబ్భై దాటింది, మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. ఇంకా వాయిదా వేస్తే తీసుకెళ్ళలేనేమోనని దిగులుగా ఉంది.

పంచమి రోజున తీసుకెళితే ఆ జనంలో ఆవిడ తట్టుకోగలదా? మామూలు రోజుల్లో వెళితే చూడ్డానికి ఏముంటుంది? విద్వాంసులు కాని వాళ్ళని, అందరూ కలిసి పాడే ఆ గోష్ఠిలో కూర్చోనిస్తారా? వెళ్ళొచ్చిన వాళ్ళు వివరంగా చెప్పండి. నాకు సంగీతం రాదు, అమ్మ కోసం అడుగుతున్నాను.

బెజవాడ వీణ:
పంచమి రోజునే తీసుకెళ్ళండి అక్కా, రెండో ఆలోచన వద్దు. నేను సంగీతం పాఠాలు చెబుతాను. నా శిష్యుల్ని తీసుకుని వెళుతుంటాను కాబట్టి ఆ పొద్దుటి పూట ఎలా ఉంటుందో చెబుతాను.

తెల్లవారేసరికే పందిట్లో జనం చేరిపోతారు. తిరుమంజన వీధిలో స్వామి ఇల్లు ఉన్న చోటు నుంచి ఉంఛవృత్తి, అంటే పాడుతూ భిక్ష అడిగే ఊరేగింపు, బయల్దేరుతుంది. తంబూరాలు, చిడతలు, భజన చేసుకుంటూ సమాధి దాకా వస్తారు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఏ వీధుల్లో పాడుతూ బియ్యం అడుక్కున్నారో ఆ వీధులే. తర్వాత నాదస్వరం. తొమ్మిది గంటల ప్రాంతంలో వేణువుల వాళ్ళంతా కలిసి భైరవిలో 'చేతులార శృంగారము' అందుకుంటారు. అది మొదలైందంటే పందిట్లో మాటలు సద్దుమణుగుతాయి. లోపల స్వామి విగ్రహానికి అభిషేకం మొదలవుతుంది. ఇక నాట రాగం 'జగదానందకారక'తో పంచరత్నాలు.

కూర్చునే తీరు టీవీలో చూసే ఉంటారు. సన్నిధికి ఎదురుగా బారులు తీరి, ఒకరికొకరు ఎదురెదురుగా కూర్చుంటారు. ముందు వరసల్లో పేరున్న విద్వాంసులు, వయొలిన్లు, మృదంగాలు. ఆ వెనక నుంచి పందిరి చివరి దాకా మనబోటి వాళ్ళం. ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరైనా పాడొచ్చు. టికెట్టు లేదు, పేరు రాయించుకునే పని లేదు. పక్కన కూర్చున్నావిడ ఎవరో, ఏ ఊరో తెలియదు, కానీ 'సాధించెనే'లో ఏ చరణం తర్వాత ఏ స్వరం రావాలో ఇద్దరికీ తెలుసు. నాకు అక్కడ ఎక్కువ నచ్చేది అదే. వరాళిలో 'కన కన రుచిరా' వచ్చేటప్పుడు కొన్ని గొంతులు తగ్గుతాయి, అది అందరికీ పాఠం అయి ఉండదు కదా. గురువు వరాళిని నేరుగా శిష్యుడికి చెప్పకూడదన్న నమ్మకం ఇప్పటికీ చాలామందికి ఉంది. వినికిడితోనే నేర్చుకుంటారు. మళ్ళీ శ్రీరాగం 'ఎందరో మహానుభావులు' దగ్గరికి వచ్చేసరికి మొత్తం పందిరి ఒక్క గొంతవుతుంది.

మీ అమ్మగారికి అయిదూ వచ్చంటున్నారు. అలాంటి ఆవిడని మామూలు రోజున తీసుకెళ్ళి, నిశ్శబ్దంగా ఉన్న సమాధి చూపించి వెనక్కి తెస్తే నాకు బాధగా ఉంటుంది.

ఓరుగల్లు నుంచి:
వీణ గారూ, మీరు చెప్పింది కాదనను గానీ, నా మాట వేరే. నాకు సా పా తేడా తెలియదు. చరిత్ర మీద ఇష్టంతో వెళ్ళిన. ఆరాధనప్పుడు పోతే మీకు జనం కనబడతరు, పందిరి కనబడతది, కెమెరాలు కనబడతయి. ఆ చోటు కనబడదు. మామూలు రోజు పొద్దున పోతే ఆ సమాధి ఎంత చిన్నదో తెలుస్తది. కావేరి గట్టున చిన్న గుడి. అంతే. లోపల ఒక పూజారి, బయట కూర్చుని మెల్లగా పాడుకునే ఒకరిద్దరు. నేను పోయినప్పుడు ఒక పెద్దాయన చొక్కా తీసి మడిచి పక్కన పెట్టుకొని, కళ్ళు మూసుకొని ఏదో కృతి పాడుతున్నడు. పాడడం అయినంక సన్నిధికి సాష్టాంగ నమస్కారం చేసి, చొక్కా తొడుక్కొని, ఎవ్వరితో మాట్లాడకుండ వెళ్ళిపోయిండు.

పెద్దావిడ మోకాళ్ళతో రెండు మూడు గంటలు నేల మీద కూర్చోవాలంటే కష్టం. మామూలు రోజయితే ఆమెకు ఇష్టం వచ్చినంతసేపు స్వామి ముందు కూర్చుని, అయిదు కృతులూ తనే పాడుకోవచ్చు. ఎవరూ లేవమనరు.

ఇంకో సంగతి. ఎప్పుడు పోయినా సరే, స్వామి సమాధికి ఎదురుగా ఉన్న ఇంకో సమాధి దగ్గర తప్పకుండ ఆగండి. చేతులు జోడించుకొని కూర్చున్న ఒక ఆడమనిషి విగ్రహం ఉంటది. బెంగళూరు నాగరత్నమ్మది. చాలామంది ఫొటో కూడ తియ్యకుండ ముందుకు పోతరు. ఆమె లేకుంటే ఇయ్యాల మనం ఈ చర్చ చేసుకునేటోళ్ళం కాదు.

కావేరి ఒడ్డు:
నేను తంజావూరు మనిషిని. ఇంట్లో తెలుగే, కానీ మీ తెలుగు వేరు, మా తెలుగు వేరు. తప్పులుంటే సర్దుకోండి.

గోదారి గట్టు గారూ, మీ ప్రశ్నకి రెండు దారులే ఉన్నాయని అనుకోకండి. ఆరాధన ఒక్కరోజు పండగ కాదు. మామూలుగా అయిదు రోజులు జరుగుతుంది, పంచమితో ముగుస్తుంది. కిక్కిరిసేది పంచమి పొద్దున్నే. ముందు రోజుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకరి తర్వాత ఒకరు పాడుతూనే ఉంటారు. ఒక్కొక్కరికి ఇచ్చేది కొద్ది నిమిషాలే, ఎంత పెద్ద విద్వాంసులైనా అంతే. ఎవరూ పారితోషికం తీసుకోరు. అది కచేరీ కాదు, స్వామికి నివేదన అనే అందరూ అనుకుంటారు. మధ్యాహ్నం పూట పందిట్లో చోటు దొరుకుతుంది, పెద్దవాళ్ళు గుంజకి ఆనుకుని కూర్చోవచ్చు. ఎప్పుడు లేచి వెళ్ళినా ఇబ్బంది లేదు.

నా సలహా ఇది. పంచమికి రెండు రోజుల ముందు రండి. మొదటి రోజు సాయంత్రం తిరువయ్యారు వెళ్ళి వినండి. రెండో రోజు గుడి, ఇల్లు, కావేరి చూడండి. పంచమి నాడు తెల్లవారుజామునే అమ్మగారిని తీసుకెళ్ళి, గోష్ఠి మధ్యలో కాకుండా అంచున కూర్చోబెట్టండి. మడత కుర్చీ ఒకటి వెంట పెట్టుకోండి. అంచున ఉంటే కుర్చీ వేసినా వెనక వాళ్ళకి అడ్డం కాదు. 'ఎందరో' అయి హారతి ఇచ్చాక వెంటనే లేవకండి, జనం పల్చబడే దాకా అక్కడే ఉండండి. ఆ తొక్కిడి ఒక అరగంట, అంతే.

తేదీ పంచాంగం చూసి పెట్టుకోవాలి. 2024లో జనవరి 30న వచ్చింది, 2025లో 18న, 2026లో 7న. 2027లో జనవరి చివరి వారంలో పడుతుంది.

రైలు బండి:
ప్రయాణం సంగతి నేను చెబుతాను. రాజమండ్రి నుంచి చెన్నై సెంట్రల్‌కి రాత్రి బండ్లు ఉన్నాయి. తంజావూరు బండ్లు ఎగ్మూరు నుంచి. సెంట్రల్ నుంచి ఎగ్మూరు మెట్రోలో ఒకటే స్టేషను, లిఫ్టులు ఉంటాయి కాబట్టి అమ్మగారికి ఆటో కంటే అదే సుఖం. ఎగ్మూరు నుంచి రాత్రికి ఉళవన్ ఎక్స్‌ప్రెస్, పగటికి చోళన్. చోళన్ ఎక్కితే మాయవరం, కుంభకోణం మీదుగా కిటికీలోంచి డెల్టా పొలాలు చూసుకుంటూ వెళ్ళొచ్చు. గోదావరి జిల్లా వాళ్ళకి ఊరు దాటినట్టే అనిపించదు. విమానమైతే తిరుచ్చి దిగాలి. అక్కడి నుంచి తంజావూరు సుమారు అరవై కిలోమీటర్లు.

పంచమి సంక్రాంతికి అటూ ఇటూగా పడిన ఏడాది టికెట్లు దొరకడం చాలా కష్టం. తమిళనాడులో పొంగల్ రద్దీ మన సంక్రాంతి రద్దీకి ఏ మాత్రం తీసిపోదు. రిజర్వేషన్ తెరిచిన రోజే చేయించుకోండి. బస తంజావూరులోనే చూసుకోండి, తిరువయ్యారులో లాడ్జీలు తక్కువ.

కావేరి ఒడ్డు:
రైలు బండి గారు చెప్పింది నిజం. తంజావూరు నుంచి తిరువయ్యారు పదమూడు కిలోమీటర్లే. పాత బస్టాండులో టౌన్ బస్సులు వరసగా ఉంటాయి. కానీ కారులో వెళ్ళినా బస్సులో వెళ్ళినా ఒక పని చెయ్యండి, వంతెనలు లెక్కపెట్టండి. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, చివరికి కావేరి. ఇంత చిన్న దారిలో అయిదు ఏర్లు దాటుతారు. కావేరి వంతెన దిగగానే ఊరు. పంచనద క్షేత్రం అని స్వామి పాడింది దీన్నే. జనవరిలో మేట్టూరు ఆనకట్ట నీళ్ళు ఇంకా వస్తుంటాయి కాబట్టి ఏర్లు నిండుగా ఉంటాయి. ఎండాకాలం వస్తే ఇసుక తప్ప ఏమీ ఉండదు, అందుకే మామూలు రోజుల్లో రావాలనుకునే వాళ్ళు కూడా ఆగస్టు నుంచి జనవరి లోపు చూసుకోండి.

పలుకు తేనె:
నాదొక బాధ, ఎవరూ నొచ్చుకోవద్దు. టీవీలో పంచరత్నాలు చూసినప్పుడల్లా మాటలు నలిగిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఒత్తులు పోతాయి, 'గ'కి 'క' పలుకుతుంది, పదాన్ని ఎక్కడ విరవకూడదో అక్కడే విరుస్తారు. పంచరత్నాల్లో ఒకటైన 'దుడుకు గల'లో త్యాగరాజు తన తప్పులన్నీ ఒక్కొక్కటే ఏకరువు పెట్టుకుని ఏడ్చాడు. ఆ మాటలు అర్థమై పాడితే ఒకలా ఉంటుంది, స్వరాలకి తగిలించిన శబ్దాల్లా పాడితే ఇంకోలా ఉంటుంది. అంత దూరం వెళ్ళి అది వినాలా అనిపిస్తుంది నాకు.

బెజవాడ వీణ:
మీ బాధ నాకు తెలుసు. పాఠం చెప్పేటప్పుడు నేను ముందు సాహిత్యం చదివిస్తాను, అర్థం చెబుతాను, తర్వాతే స్వరం. కానీ తిరువయ్యారులో నా పక్కన కూర్చున్న తమిళ అమ్మాయి దగ్గర నోటు పుస్తకం చూశాను. ప్రతి తెలుగు మాట తమిళ లిపిలో రాసుకుంది. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నింటికీ ఒకటే అక్షరం కదా. అందుకని ఆ అమ్మాయి ప్రతి అక్షరం పక్కన చిన్న అంకె వేసుకుంది. రెండు వేస్తే ఖ, మూడు వేస్తే గ, నాలుగు వేస్తే ఘ. పేజీ నిండా ఆ అంకెలే. కింద పెన్సిల్‌తో ఒక్కో మాటకి అర్థం. ఆ పుస్తకం చూశాక ఉచ్చారణ గురించి నేను ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

మన పిల్లల్లో ఎంతమంది సొంత భాషలో ఉన్న ఈ పాటల్ని అంత శ్రద్ధగా రాసుకుంటున్నారు?

కావేరి ఒడ్డు:
పలుకు తేనె గారూ, నా ఇంటి భాష తెలుగే కాబట్టి మీ నొప్పి నాదీ. అయినా ఒక మాట. స్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన కృతులు ఇవాళ ఏడు వందల దాకా మనకు దక్కాయంటే, శిష్యులు రాసి పెట్టుకోబట్టి. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, ఈ మూడు శిష్య పరంపరలే మనకి ఆధారం. మూడూ తమిళ నేలవే. తిల్లైస్థానం తిరువయ్యారు పక్క ఊరే, నడిచి వెళ్ళేంత దూరం. ఆ ఇళ్ళలో తాటాకుల మీద, కాగితాల మీద కాపాడిన మాటలవి. పలుకు సరిదిద్దాల్సిందే, దానికి మీలాంటి వాళ్ళు అక్కడికి రావాలి. ఎక్కువమంది తెలుగువాళ్ళు ఆ పందిట్లో కూర్చుని గొంతు కలిపితే పలుకు దానంతట అదే బాగుపడుతుంది.

పలుకు తేనె:
మంచి మాట చెప్పారు. ఆ అంకెల నోటు పుస్తకం సంగతి నాకు తెలియదు. ఉచ్చారణ మీద నా అభిప్రాయం మారలేదు గానీ, కోపం మాత్రం తగ్గింది.

గోదారి గట్టు:
ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఓరుగల్లు నుంచి గారూ, నాగరత్నమ్మ గారి గురించి ఇంకొంచెం చెప్పండి. అమ్మకి పేరు తెలుసు. 'ఆవిడ నగలమ్మి గుడి కట్టించింది' అని మాత్రం అంటుంది.

ఓరుగల్లు నుంచి:
చెబుత అక్కా. కొంచెం పొడుగైతది.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సీమ నంజనగూడు దగ్గర, దేవదాసి ఇంట్ల పుట్టింది. మద్రాసుకు వచ్చి పెద్ద గాయని అయింది, బాగా సంపాదించింది. సంస్కృతం, కన్నడం, తెలుగు చదువుకున్నది. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంల ముద్దుపళని అని ఒక కవయిత్రి ఉండేది. ఆమె రాసిన 'రాధికా సాంత్వనము' అచ్చులో పద్యాలు తీసేసి ఉన్నయని గమనించి, రాతప్రతి సంపాదించి, 1910లో పూర్తిగా అచ్చు వేయించింది నాగరత్నమ్మే. అశ్లీలమని గోల చేసిన్రు, ఇంగ్లీషు సర్కారు నిషేధించింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చే కాలానికి ప్రకాశం పంతులు గారు ఆ నిషేధం ఎత్తేసే దాకా ఆ పుస్తకం బయట దొరకలేదు. ఒక ఆడమనిషి రాసిన తెలుగు కావ్యం కోసం ఇంకో ఆడమనిషి సర్కారుతోటి కొట్లాడింది. ఈ కథ తంజావూరుతో మొదలైందని గుర్తుపెట్టుకోండి.

1921ల ఆమె గురువు బిడారం కృష్ణప్ప తిరువయ్యారు పోయి, స్వామి సమాధి పాడుబడి ఉన్నదని చూసి ఆమెకు ఉత్తరం రాసిండు. ఆమె పోయింది, చూసింది, ఇక వెనక్కి తిరగలేదు. చుట్టుపక్కల స్థలం సంపాదించి, సొంత డబ్బుతోటి పని మొదలుపెట్టింది. 1925 జనవరిల కుంభాభిషేకం జరిగింది. ఇయ్యాల మనం దండం పెట్టే ఆ గుడి అదే.

ఇప్పుడు అసలు సంగతి. అప్పటికే ఆరాధన చేసేటోళ్ళు పెద్ద పక్షం, చిన్న పక్షం అని రెండుగా చీలి ఉన్నరు. రెండు పక్షాలోళ్ళూ ఆడవాళ్ళను అక్కడ పాడనియ్యలేదు. గుడి కట్టించింది ఆమె, పాడే హక్కు ఆమెకు లేదు. మరి ఏం చేసింది? 1920ల చివర్ల ఆడవాళ్ళందరినీ కూడగట్టి, గుడి వెనక వేరేగా ఆరాధన పెట్టింది. అట్ల మూడో పక్షం అయింది. ఎన్నో ఏండ్లు ముగ్గురూ ఒకే స్వామికి వేరేవేరుగా పూజ చేసిన్రు. ఆఖరికి 1940 సంవత్సరంల గాయకుడు ముసిరి సుబ్రమణ్య అయ్యర్, ఐసీఎస్ ఆఫీసర్ ఎస్.వై. కృష్ణస్వామి లాంటోళ్ళు మధ్యవర్తులుగా ఉండి అందరినీ కలిపిన్రు. 1941 నుంచి ఆరాధన ఒక్కటే. ఆడవాళ్ళు, మగవాళ్ళు ఒక్క పందిట్ల.

వీణ గారు రాసిన గోష్ఠి ఉన్నదే, ఎదురెదురు వరసలు, ఒక్క గొంతు, అది ఆ కలయికలకెల్లి వచ్చింది. మీ అమ్మగారు రేపు అక్కడ కూర్చుని పాడతది అంటే అది ఊరికే దొరికిన చోటు కాదు. ఒకామె ముప్పై ఏండ్లు ఆ ఊరి మీదనే మనసు పెట్టి సంపాదించి ఇచ్చిన చోటు. స్వామి మీద సంస్కృతంల నూట ఎనిమిది నామాలు కూడ కూర్చింది ఆమె. 1952ల పోయింది. స్వామికి ఎదురుగనే సమాధి చేసిన్రు.

అందుకే చెబుతున్న, ముందు ఆమె దగ్గర ఆగండి, తర్వాత లోపలికి పోండి.

బెజవాడ వీణ:
ఇది చదివి కళ్ళు చెమర్చాయి. నా శిష్యులకి ఈసారి బస్సులోనే ఈ కథ చెబుతాను. సమాధి దగ్గర ఆవిడ ముందు కూడా ఒక కృతి పాడిస్తాను.

క్లీవ్‌లాండ్ శ్రోత:
అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. ఓహాయోలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన 1978 నుంచి జరుగుతోంది. ఈస్టర్ వేళకి, పది పన్నెండు రోజులు. మొదటి శనివారం పంచరత్న గోష్ఠికి స్టేజీ నిండా పిల్లలు, పెద్దలు కూర్చుంటారు. మా అమ్మాయి అక్కడే 'జగదానందకారక' మొదటిసారి అందరితో కలిసి పాడింది. పోయిన సెలవుల్లో ఇండియా వచ్చినప్పుడు దాన్ని తిరువయ్యారు తీసుకెళ్ళాం, ఆరాధన రోజులు కాదు. సమాధి ముందు కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'ఇది నిజంగా ఉందా' అంది. అమెరికాలో పుట్టిన పిల్లలకి త్యాగరాజు అనే పేరు పాటల ఆఖరి చరణంలో వచ్చే ముద్ర మాత్రమే. ఆయనకి ఒక వీధి, ఒక రేవు, పక్కింటి వాళ్ళు ఉండేవాళ్ళని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

అందుకే నేను ఓరుగల్లు నుంచి గారి వైపు. మామూలు రోజు కూడా మంచిదే.

గోదారి గట్టు:
ఇల్లు ఇంకా ఉందా? అమ్మ అడగమంది. తంజావూరు రాజు శరభోజీ పంపిన కానుకలు వద్దని 'నిధి చాల సుఖమా' పాడిన ఇల్లు అదేనా అని.

కావేరి ఒడ్డు:
చోటు అదే అమ్మా, తిరుమంజన వీధిలో. ఆ పాత పెంకుటిల్లు ఇప్పుడు లేదు, దాని స్థానంలో కొత్త కట్టడం కట్టారు. లోపల పూజ జరుగుతుంది. పాత ఇల్లు అలాగే ఉండి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ మనసు పీకుతుంది. స్తంభాలు, అరుగు, వెనక వాకిలి అన్నీ మా పెద్దవాళ్ళు చెప్పేవారు. కట్టిన వాళ్ళు భక్తితోనే కట్టారు, నేను కాదనను. కానీ పాత గోడ పాత గోడే.

ఇల్లు చూశాక అయ్యారప్పర్ గుడికి వెళ్ళండి. పంచనదీశ్వరుడు, ధర్మసంవర్ధని అమ్మవారు. అమ్మవారి మీద స్వామి పాడిన కృతులున్నాయి కదా, మీ అమ్మగారికి ఏవి వస్తే అవి అక్కడ పాడించండి. అయిదు ప్రాకారాల పెద్ద గుడి, నడక ఎక్కువ. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి అమ్మవారి సన్నిధి ఒక్కటి చాలు. మధ్యాహ్నం గుడి మూస్తారు, పొద్దున్నే గానీ సాయంత్రం నాలుగు దాటాక గానీ వెళ్ళండి. ప్రాకారంలో ఒక చోట నిలబడి 'ఐయారా' అని పిలిస్తే ఏడుసార్లు తిరిగి వినిపిస్తుందని మా ఊరి వాళ్ళు చెబుతారు. పిల్లలు వెంట ఉంటే ఆ చోటు వదలరు.

గుడి నుంచి కావేరిలో పుష్య మండపం రేవు దగ్గరే. సాయంత్రం అక్కడ మెట్ల మీద కూర్చోండి.

రైలు బండి:
తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. తిరువయ్యారు వెళ్ళి అశోకా హల్వా తినకుండా రాకండి. పెసరపప్పు ఉడికించి మెత్తగా చేసి, గోధుమపిండి, పంచదార, నెయ్యి వేసి తిప్పుతారు. వేడిగా ఆకులో పెట్టిస్తే నెయ్యి అంచుల నుంచి జారుతుంటుంది, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే నమలక్కర్లేదు. పళ్ళు లేని వాళ్ళు కూడా తినొచ్చు కాబట్టి అమ్మగారికి ఇబ్బంది లేదు, షుగర్ ఉంటే మాత్రం మీరు ఒక కన్నేసి ఉంచాలి. పొట్లం కట్టించి తెచ్చుకోవడం కన్నా అక్కడే వేడిగా తినడం నయం.

పలుకు తేనె:
చుట్టుపక్కల తెలుగుతో ముడిపడిన ఊళ్ళు ఇంకేమైనా ఉన్నాయా? అంత దూరం వెళ్ళి ఒక్క ఊరు చూసి రావడం ఎందుకని.

కావేరి ఒడ్డు:
బోలెడు. తంజావూరు కోటలో సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉంది, నాయక రాజులు, మరాఠా రాజుల కాలం నుంచి చేరిన తెలుగు తాటాకు గ్రంథాలు ఎన్నో అక్కడ ఉన్నాయి. యక్షగానాలు చాలా ఎక్కువ. మేలట్టూరు వెళితే ఇప్పటికీ నరసింహ జయంతికి మగవాళ్ళే ఆడవేషాలు కట్టి తెలుగు భాగవత మేళా నాటకాలు ఆడతారు. మేలట్టూరు వెంకటరామశాస్త్రి రాసినవి. అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకి ఇచ్చిన అగ్రహారం అది. అవి చూడాలంటే మాత్రం మే నెలలో ఇంకోసారి రావాలి.

తిరువయ్యారుకి చాలా దగ్గర్లో, కండియూరు పక్కన తిరుప్పూందురుత్తి. నారాయణతీర్థుల సమాధి అక్కడే. 'కృష్ణలీలాతరంగిణి' రాసిన యతి.

బెజవాడ వీణ:
నారాయణతీర్థులది మా వైపే! మంగళగిరి దగ్గర కాజ. చిన్నప్పుడు మేము తరంగాలు అక్కడే నేర్చుకున్నాం. ఆ సమాధి అంత దగ్గర అని తెలియదు, ఈసారి తప్పకుండా వెళ్ళాలి. త్యాగరాజస్వామి పూర్వీకులు కూడా కంభం వైపు కాకర్ల నుంచి దక్షిణానికి వెళ్ళారని చెబుతారు కదా. తెలుగు నేల నుంచి ఎంతమంది అటు వెళ్ళి, ఆ కావేరి పక్కన స్థిరపడి, అక్కడే మట్టిలో కలిశారో!

గోదారి గట్టు:
అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. ముందు రోజులు, పంచమి రెండూ ఉండేలా వెళదామని నిర్ణయించుకున్నాం. మడత కుర్చీ తీసుకెళతాను. కానీ అమ్మ కింద కూర్చునే పాడతానంటోంది, 'స్వామి ముందు కుర్చీలోనా' అంటుంది. ఏం చెయ్యాలో తెలియడం లేదు.

ఓరుగల్లు నుంచి:
అమ్మకు చెప్పండి, అక్కడ చానమంది పెద్దోళ్ళు కుర్చీల్లోనే కూర్చుంటరు, తప్పేం కాదు. అంతగా వద్దంటే ఒక చిన్న ఎత్తు పీట తీసుకుపోండి, మోకాలు పూర్తిగా ముడవాల్సిన పని ఉండదు. మామూలు రోజుల మీద నా మాట అట్లనే ఉంది గానీ, అయిదు కృతులూ వచ్చిన మనిషికి పంచమే సరైంది. ఒప్పుకుంటున్న.

బెజవాడ వీణ:
అక్కా, పంచమి నాడు నా శిష్యులు ఎనిమిది మంది నాతో వస్తారు. మేము ఏడింటికల్లా ఆడవాళ్ళ వైపు అంచున ఉంటాం. మీరు కూడా ఆ వైపే రండి, అమ్మగారిని మధ్యలో కూర్చోబెట్టుకుంటాం. లేవాలన్నా, మంచినీళ్ళు కావాలన్నా పిల్లలు చూసుకుంటారు. అమ్మగారు 'కన కన రుచిరా' పూర్తిగా పాడతారా? మా పిల్లల్లో ముగ్గురికి అది ఇంకా నోటికి రాలేదు. ఆవిడ పక్కన కూర్చుంటే వాళ్ళు విని అందుకుంటారు.

గోదారి గట్టు:
పాడుతుంది, చరణాలన్నీ వచ్చు. ఈ మాట చెప్పగానే పాత నోటు పుస్తకం తీసి కూర్చుంది. మీకు విడిగా సందేశం పెడుతున్నాను, టికెట్లు ఖాయం కాగానే రోజులు చెబుతాను.

కొత్త శ్రోత:
ఆలస్యంగా చూశాను. తిరువారూరు కూడా వెళ్ళాలా? స్వామి పుట్టింది అక్కడే కదా.

కావేరి ఒడ్డు:
అవును, 1767 మే 4న అక్కడే పుట్టారు. సంగీత త్రిమూర్తుల్లో మిగిలిన ఇద్దరు, శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితర్ కూడా ఆ ఊళ్ళోనే పుట్టారు, ముగ్గురి ఇళ్ళ చోట్లూ చూపిస్తారు. తంజావూరు నుంచి యాభై అరవై కిలోమీటర్లు, రైలు ఉంది. ఆరాధన అయిన వెంటనే పెట్టుకోవద్దు, అలిసిపోతారు. పంచమి మర్నాడు విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత రోజు వెళ్ళండి. త్యాగరాజేశ్వరుడి గుడి, కమలాలయం కోనేరు చూడ్డానికి ఒక పూట పడుతుంది.